గేరు వెయ్యగానే ‘టక్’మంటున్న బండి గురించి

మనవలకీ, మనవరాళ్ళకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చెప్పారు కదా, స్ప్లెండర్ గేరు వేసి క్లచ్ వదలగానే వెనక నుంచి ‘టక్’మంటోందని, చైన్ బిగించినా పోలేదని, షాపులో చైన్ కిట్ మొత్తం మార్చాలన్నారని. డబ్బు పెట్టేముందు రెండు చూడండి. మొదటిది చైన్. కవర్ కింది ముక్క విప్పి, చైన్‌ని బిగుతుగా లాగి పట్టుకుని టేపుతో 20 లింకులు కొలవండి. ఈ బండి చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, కాబట్టి 20 లింకులు సరిగ్గా పది అంగుళాలు, 254 మి.మీ. రావాలి. 259 దాటితే చైన్ పని అయిపోయినట్టే. రెండోది స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం. దాని పళ్ళు ఒక పక్కకి కొక్కెంలా వంగాయేమో చూడండి. రెండూ బాగుంటే తప్పు చైన్‌ది కాదు, చాలావరకు వెనక చక్రంలో ఉండే కప్లింగ్ రబ్బర్లది.

ఆ రబ్బర్లు ఎందుకున్నాయో తెలిస్తే మిగతాదంతా సులువు. మీ బండికి ఒక్కటే సిలిండర్, 97.2 సీసీ. ఇంజన్ రెండు సార్లు తిరిగితే లోపల పెట్రోలు ఒక్కసారి పేలుతుంది, అంటే నిమిషానికి 6000 తిరుగుళ్ళ దగ్గర సెకనుకి 50 దెబ్బలు. ఆ దెబ్బలన్నీ చైన్ మీదుగా వచ్చి చక్రానికి నేరుగా తగిలితే చైన్ ఆగదు, గేర్ల పళ్ళూ ఆగవు. అందుకే వెనక స్ప్రాకెట్‌ని చక్రానికి నేరుగా బిగించలేదు. స్ప్రాకెట్ వెనకాల రెక్కలుంటాయి, అవి హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, రబ్బరు దిమ్మల మధ్య దిగబడతాయి, దెబ్బ ముందు రబ్బరు తింటుంది, ఆ తర్వాతే చక్రం కదులుతుంది. ఏళ్ళ తరబడి నలిగి రబ్బరు అరిగితే రెక్కకీ దానికీ మధ్య సందు వస్తుంది. మీకు వినిపిస్తున్న టక్ ఆ సందులోదే.

విప్పేముందు ఒక మాట, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చైన్ దగ్గర చెయ్యి పెట్టండి. డబుల్ స్టాండ్ వేసి, గేర్లో ఇంజన్ తిప్పుతూ గుడ్డతో చైన్ తుడవడం చాలామంది చేస్తారు. మా తమ్ముడూ అలాగే చేశాడు. గుడ్డ కొస చైన్‌కీ పళ్ళకీ మధ్య చిక్కుకుంది, చెయ్యి వెనక్కి లాక్కునే లోపే చూపుడువేలు కొస పోయింది. నేను పక్కనే నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడిస్తే ఇంకో పది నిమిషాలు పడుతుంది, అంతే.

స్ప్లెండర్‌లో ఒక మంచి ఏర్పాటుంది, రబ్బర్ల కోసం చైన్ విప్పక్కర్లేదు. ఎడమవైపు స్లీవ్ నట్ అని పెద్దది ఉంటుంది, స్ప్రాకెట్‌ని బండికి పట్టి ఉంచేది అదే, దాన్ని ముట్టుకోకండి. బ్రేకు రాడ్ నట్ తియ్యండి, బ్రేకు ప్లేటుని పట్టుకున్న పట్టీ విప్పండి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్ తీసి యాక్సిల్ లాగండి. కుడివైపు ఒక కాలర్, అంటే గొట్టంలాంటి చిన్న ముక్క, కింద పడుతుంది, అది ఏ వైపుదో, ఎటు తిరిగి ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. చక్రాన్ని కుడివైపుకి జరిపితే ఊడి చేతికొస్తుంది, స్ప్రాకెట్ చైన్‌తో సహా బండికే ఉండిపోతుంది. పంచరువాళ్ళు అంత తొందరగా చక్రం తీసేది ఇలాగే.

ఇప్పుడు చక్రాన్ని పక్కకి వంచండి. బాగున్న రబ్బరైతే వేళ్ళతో గట్టిగా పీకినా కష్టంగా వస్తుంది. అరిగినదైతే దానంతట అదే జారి కింద పడుతుంది. చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూడండి, ఒక వైపు పల్లంగా, నున్నగా నొక్కుకుపోయి ఉంటుంది. మనం యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు రెక్క నొక్కే వైపు అది.

కొత్త రబ్బర్లు పెద్ద ఖరీదు కావు, దొరికితే అవే వెయ్యండి. ఊళ్ళో దొరక్కపోతే దొరికేదాకా బండి నడవడానికి మా కాలం నుంచీ చేసే పని ఒకటుంది. పాత సైకిల్ ట్యూబులోంచి రబ్బరు వెడల్పుకి సరిపడా పట్టీలు కొయ్యండి, ఆ పల్లం పడ్డ వైపు ఒక్క పొర పెట్టి రబ్బరుతో కలిపి లోపలికి నొక్కండి. అన్నిటికీ ఒకే మందం ఉండాలి, ఒకదానికి పెట్టి ఇంకోదానికి వదిలేస్తే బరువంతా ఒకటే మోసి చిరిగిపోతుంది. బిగుతుగా ఉండాలని రెండు మూడు పొరలు కూరకండి, రెక్కలు పూర్తిగా దిగకపోతే చక్రం వంకరగా కూర్చుని చైన్‌ని పక్కకి లాగుతుంది. దూరడం కష్టమైతే సబ్బు నీళ్ళు రాయండి. నూనె, గ్రీజు, పెట్రోలు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. హబ్బులో పగుళ్ళున్నా, రెక్కలు విరిగినా ఈ ట్యూబు పని వద్దు, ఆ భాగం మార్చాల్సిందే.

చక్రం తీశారు కాబట్టి బ్రేకు షూలు ఎలాగూ కనిపిస్తాయి. దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి, గ్రీజు చేత్తో వాటిని తాకకండి. తిరిగి బిగించేటప్పుడు రెండు వైపులా చైన్ అడ్జస్టర్ గీతలు ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. చైన్ కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే మొత్తం 20 నుంచి 30 మి.మీ. ఆడాలి. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, చైన్ ఒక్కో చోట ఒక్కోలా సాగుతుంది, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట ఈ కొలత రావాలి. బ్రేకు పట్టీ నట్ ఊడిపోకుండా అడ్డంగా పిన్ను ఉంటే, కొత్త పిన్ను వెయ్యండి. కదిలేముందు బ్రేకు రెండు మూడు సార్లు నొక్కి చూసి, బండిని నడిపించుకుంటూ ఒకసారి ఆపి చూడండి.

ట్యూబు పట్టీలతో ఊళ్ళో తిరగండి, హైవే ఎక్కొద్దు. విప్పిన పాత రబ్బర్లు పారెయ్యకుండా ఉంచండి, సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తే ఎంత అరిగాయో నేనూ చూస్తాను. మా డబ్బాలో ఒక పాత ట్యూబు ఉంది, కావాలంటే ఇప్పుడే బస్సులో పంపిస్తాను, ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య