తల్లిదండ్రుల రెండో పెళ్లి: కళాశాల విద్యార్థుల్లో అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు కౌన్సెలింగ్ చేసేవారి ముందుకు మార్కుల గొడవ ఎంత వస్తుందో ఇంటి గొడవ కూడా అంతే వస్తుంది. తల్లి గానీ తండ్రి గానీ మళ్లీ పెళ్లి చేసుకున్న కుటుంబాల గురించి తరగతుల్లో తరచుగా వినిపించే అభిప్రాయాల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ఈ తరం పిల్లలకు పునర్వివాహం పెద్ద విషయం కాదు.

వాస్తవం: చర్చ పెడితే భర్తను పోగొట్టుకున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడంలో తప్పేముందని దాదాపు అందరూ అంటారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారని పాఠాల్లో చదువుకున్నవారే వీరంతా. అదే ప్రశ్నను "మీ అమ్మగారైతే?" అని మార్చి అడిగితే, "ఈ వయసులోనా?", "చెల్లికి సంబంధాలు వస్తాయా?" అనే మాటలు మొదలవుతాయి. దీన్ని నేను కపటమనను. లోకం గురించిన అభిప్రాయం వేరు, సొంత ఇంట్లో తన చోటు పోతుందేమోనన్న భయం వేరు. అయితే తండ్రి విషయంలో "వండిపెట్టే మనిషి ఉండాలి కదా" అని సర్దుకునే అబ్బాయి తల్లి ఒంటరితనాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకపోవడం గమనించదగ్గది.

అపోహ: సవతి తల్లి అంటే వేధించేదే.

వాస్తవం: ధ్రువుణ్ణి తండ్రి ఒడిలోకి రానివ్వని సురుచి కథ విని పెరిగినవారికి ఈ ముద్ర కొత్త కాదు, కానీ ఇది మన ఒక్కరికే పరిమితమైనదీ కాదు. అమెరికాలోని మిస్సోరీలో లారెన్స్ గానాంగ్, మార్లిన్ కోల్మన్ 1980లలో కళాశాల విద్యార్థులతో చేసిన అధ్యయనాల్లో, సవతి బంధుత్వం ఉందని చెప్పినంతమాత్రాన ఆ వ్యక్తి మీద అభిప్రాయం తగ్గినట్లు తేలింది.

అపోహ: మనసు మంచిదైతే ఏడాదిలో అందరూ కలిసిపోతారు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఇలాంటి కుటుంబం కుదురుకోవడానికి సాధారణంగా కొన్నేళ్లు పడుతుంది, కౌమారంలో ఉన్న పిల్లలుంటే ఇంకా ఆలస్యమవుతుంది. హాస్టల్లో ఉండే విద్యార్థి సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి తన బీరువా అరలో కొత్తగా వచ్చిన తమ్ముడి బట్టలు మడతపెట్టి ఉంటే, ఎవరూ పల్లెత్తు మాట అనకపోయినా వాడు రెండు రోజులు ముందుగానే తిరిగి వచ్చేస్తాడు. వెంటనే "నాన్నా" అని పిలవమని బలవంతపెట్టడం కన్నా "అంకుల్" అంటే అననివ్వడమే మేలు. మందలింపు, ఖర్చుల అదుపు వంటివి కొంతకాలం కన్నవారి చేతిలోనే ఉంచి, కొత్తగా వచ్చినవారు ముందు పరిచయాన్ని పెంచుకున్న ఇళ్లలో ఘర్షణ తక్కువగా ఉంటుంది.

అపోహ: తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: ఇబ్బంది పెరిగే మాట నిజమే. విడాకులు తీసుకున్న కుటుంబాల పిల్లల్లో 20 నుంచి 25 శాతం మందికి, మిగతా కుటుంబాల్లో సుమారు 10 శాతం మందికి తీవ్రమైన సమస్యలు కనిపించాయని అమెరికాలో దీర్ఘకాలం పరిశోధించిన మేవిస్ హెథరింగ్టన్ చెప్పారు. అంటే విడాకుల కుటుంబాల్లోనూ అత్యధికులు నిలదొక్కుకుంటున్నారనే అర్థం.

అపోహ: అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంటిపేరూ ఆస్తీ రెండూ తారుమారవుతాయి.

వాస్తవం: ఈ రెండింటినీ కలపకూడదు. పునర్వివాహం చేసుకున్న తల్లి తన బిడ్డ ఇంటిపేరును నిర్ణయించవచ్చని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి సంగతి వేరు: హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం కన్నతండ్రి ఆస్తిలో బిడ్డకున్న హక్కు తల్లి పెళ్లి వల్ల పోదు. సవతి తండ్రి స్వార్జితంలో మాత్రం, ఆయన దత్తత తీసుకుంటేనో వీలునామా రాస్తేనో తప్ప, ఇంటిపేరు మారినంతమాత్రాన వాటా రాదు.