కొండను పాదం దగ్గర చదవాలి: అపోహలు - వాస్తవాలు

భూస్వరూపాల సర్వే, పటాల తయారీ నా వృత్తి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు కొండ దగ్గరకు చేరగానే తల పైకెత్తి శిఖరం వైపు చూస్తారు. ముందు కొండ చుట్టూ ఒకసారి తిరిగి రమ్మని వారికి చెబుతాను. ఊటలు ఏ మట్టంలో పుడుతున్నాయి, మట్టి రంగు ఎక్కడ మారుతోంది, వాగులు ఏ వైపు ఒరుసుకుని పారుతున్నాయి అన్నవి గమనిస్తే ఆ కొండ చరిత్ర సగానికి పైగా తెలిసిపోతుంది. చుట్టూ ఉన్న నేలను వదిలేసి కొండను మాత్రమే చూడడం వల్ల పాతుకుపోయిన అపోహలు చాలా ఉన్నాయి. వాటిలో తరచుగా వినేవి ఇవి.

అపోహ: నేల ఉబికి పైకి లేచిన చోటే కొండ.

హిమాలయాల వంటి ముడుత పర్వతాల విషయంలో ఈ మాట నిజం. మైదానం మధ్యలో ఒంటరిగా నిలిచిన కొండల్లో చాలావాటి కథ మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ కొండ లేవలేదు, చుట్టూ ఉన్న నేల అరిగి కిందికి దిగిపోయింది. గ్రానైటు భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లబడి గట్టిపడిన రాయి. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయాకే అది వెలుగు చూస్తుంది. పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్న భాగంలోకి నీరు దిగి రాయిని కుళ్లబెడుతుంది. పగుళ్లు అరుదుగా ఉన్న భాగం తట్టుకుని నిలబడుతుంది. తెలంగాణలోని భువనగిరి కొండ, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని స్టోన్ మౌంటెన్ ఇలా మిగిలినవే.

పైనున్న బరువు తొలగిపోవడంతో ఇలాంటి రాయి కాస్త వ్యాకోచించి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. విడిపోయిన పొర మీద సుత్తితో తట్టితే బోలుగా మోగుతుంది. పక్కనే ఉన్న గట్టి రాతిని తట్టితే సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత కొండ పాదం దగ్గర వాగులోకి దిగి గుప్పెడు ఇసుక తీసుకుని చూడండి. గాజులా మెరిసే క్వార్ట్జ్ గింజలు గట్టిగా ఉంటాయి. వాటి మధ్య తెల్లగానో లేత గులాబీ రంగులోనో కనిపించే ఫెల్డ్‌స్పార్ ముక్కల్లో కొన్ని గోటితో నొక్కితేనే పిండి అవుతాయి. కొండ ఎలా అరుగుతోందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

అరుగుదల ఒక్కోసారి లోయను కొండగా కూడా మారుస్తుంది. కాలిఫోర్నియాలో స్టానిస్లాస్ నది దగ్గర టేబుల్ మౌంటెన్ అనే పొడవైన, వంకర టింకర గుట్ట ఉంది. సుమారు కోటి ఏళ్ల క్రితం అది ఒక నదీలోయ. లావా ఆ లోయ వెంట పారి గట్టిపడింది. లోయకు అటూ ఇటూ ఉన్న మెత్తని గట్లు తరువాత అరిగిపోయాయి. ఇప్పుడు అప్పటి నది మెలికలే గుట్ట రూపంలో ఎత్తున కనిపిస్తున్నాయి.

అపోహ: శంకువు ఆకారంలో ఉన్న కొండ ఆరిపోయిన అగ్నిపర్వతం.

ఆకారం చూసి అంత మాట అనకూడదు. పైన గట్టి పొర, కింద మెత్తని పొర ఉన్న ఏ గుట్టయినా అన్ని వైపులా సమానంగా అరిగితే శంకువులాగే కనిపిస్తుంది. రాతి ముక్కను చేతిలోకి తీసుకుని చూశాకే మాట్లాడాలి.

అపోహ: అన్నిటికంటే ఎత్తైన శిఖరాల వరుసే నీళ్లను రెండు వైపులకు పంచుతుంది.

సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదులు హిమాలయాల ఎత్తైన శిఖరాలకు ఉత్తరాన టిబెట్‌లో పుట్టి, ఆ పర్వతాలను కోసుకుంటూ దక్షిణానికి వస్తాయి. అంత ఎత్తైన గోడ కూడా వాటిని ఆపలేకపోయింది. నది దగ్గరున్న సముద్రం వైపే పోతుందనీ అనుకోలేం. త్ర్యంబకం దగ్గర పుట్టే గోదావరికి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్ల దూరమే. అయినా అది తూర్పుకు తిరిగి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్లను రెండు వైపులకు పంచే జలవిభాజక రేఖ చాలా చోట్ల కంటికి ఆనని చిన్న మిట్ట మీదుగా పోతుంది. దాన్ని పటం మీద గుర్తించాలంటే శిఖరాలను పక్కన పెట్టి, వాగుల మొదళ్లను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి. ఓపిక పరీక్షించే పని ఇది, కానీ దగ్గరి దారి లేదు.

అపోహ: పైకి వెళ్లే కొద్దీ వానా ఎక్కువే, చలీ ఎక్కువే.

మేఘాలయలో చిరపుంజి కంటే షిల్లాంగ్ ఎత్తైన చోటు. వాన మాత్రం చిరపుంజిలో కురిసేదానిలో నాలుగో వంతు కూడా ఉండదు. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలులు దక్షిణపు అంచున ఒక్కసారిగా పైకి లేచి అక్కడే కుమ్మరిస్తాయి. వెనక ఉన్న షిల్లాంగ్‌కు మిగిలింది దక్కుతుంది. వానకు ఎత్తుతో పాటు కొండ ముఖం ఎటు తిరిగి ఉందన్నదీ ముఖ్యమే. అంత వాన పడే చిరపుంజి చుట్టుపక్కల ఎండాకాలం రాకముందే తాగునీటికి కటకట మొదలవుతుంది. మట్టి పొర పలచన, నీరు నిలవదు. పడిన వాన ఎంతన్నది ఒక లెక్క, నేల పట్టి ఉంచింది ఎంతన్నది మరో లెక్క.

చలి సంగతీ అంతే. ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క పగటిపూటకు దాదాపుగా సరిపోతుంది. నిర్మలమైన, గాలి లేని రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. ఆస్ట్రియాలో గ్రూన్‌లోఖ్ అనే పళ్లెం లాంటి లోయ సుమారు 1,270 మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడ మైనస్ 52.6 డిగ్రీలు నమోదైంది. చలికి తట్టుకోలేని తోటలను లోయ అడుగున వేయకుండా వాలు నడుమ వేయమనేది ఇందుకే.

అపోహ: చెట్లు లేని కొండ పాడైపోయిన కొండ, వెంటనే మొక్కలు నాటాలి.

మంచి మనసుతో చేసే ఈ పొరపాటు నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. నీలగిరుల పైభాగంలో మడతల్లో షోలా అనే దట్టమైన చిన్న చిన్న అడవులు, వాటి చుట్టూ గడ్డిభూములు ఉంటాయి. ఆ గడ్డిభూములు అడవి నరికితే వచ్చినవి కావు. అక్కడ సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ బురదలో నిలిచిన పూల పుప్పొడిని పరిశీలిస్తే వేల ఏళ్లుగా గడ్డి అక్కడ ఉన్నట్టు తేలింది. వాటిని బీడు భూములని పొరబడి తుమ్మ జాతికి చెందిన వాటిల్ చెట్లు, యూకలిప్టస్ పెద్ద ఎత్తున నాటారు. వాననీటిని పట్టుకుని మెల్లగా వదిలే గడ్డి, బురద నేలలు చాలా మేరకు పోయాయి.

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే కొండ ప్రాంతం కూడా చూడడానికి ఇలాగే బోసిగా ఉంటుంది. అక్కడ మాత్రం కొన్ని వేల ఏళ్ల క్రితం మనుషులు అడవిని కాల్చి, నరికి, పశువులను మేపారు. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపించే కొండలే, గతాలు వేరు. మట్టిని తవ్వి చూడకుండా మొక్కల లారీ తీసుకెళ్లవద్దని నేను గట్టిగా చెబుతాను.

మట్టి అంటే ఒక మాట. ఒకే రాయి మీద ఒకే వాలులో కూడా మట్టి మారిపోతుంది. గ్రానైటు కొండల దగ్గర పైన పలచని ఎర్ర గరప నేల, కింద పల్లంలో లోతైన నల్లని బంకమట్టి కనిపించడం మామూలే. వాలు వెంట ఈ వరుస ఒక క్రమంలో తిరిగి తిరిగి వస్తుందని 1930లలో తూర్పు ఆఫ్రికా నేలలను పరిశీలించిన జెఫ్రీ మిల్న్ చూపించారు.

అపోహ: 100 శాతం వాలు అంటే నిట్టనిలువు.

కాదు, 45 డిగ్రీలు. 100 మీటర్లు ముందుకు పోతే 100 మీటర్లు ఎక్కడమన్నమాట. కంటి అంచనాను నమ్మవద్దు, అది వాలును ఎప్పుడూ పెంచే చెబుతుంది. ఉపగ్రహ పటాలనూ కళ్లు మూసుకుని నమ్మకూడదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులను నేటికీ చాలామంది వాడుతున్నారు. దట్టమైన అడవిలో ఆ తరంగాలు నేలకు చేరకముందే ఆకుల గుబురు నుంచి తిరిగి వెళ్లాయి. అందుకే అడవి అంచు ఉన్న చోట లేని గట్టు ఒకటి పటంలో కనిపిస్తుంది.

అపోహ: చరియ విరిగితే ప్రమాదం కొండ కింద ఆనుకుని ఉన్న ఇళ్లకే.

2024 జూలై 30న కేరళలోని వయనాడ్‌లో విరిగిన చరియ బురద, బండరాళ్ల ప్రవాహంగా మారి నది వెంట దాదాపు 8 కిలోమీటర్లు పోయింది. రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాలు ఎక్కడ ఉందన్నదాని కంటే ఆ వాలు నుంచి వచ్చే వాగు ఎటు పోతుందో ముందు చూడాలి. బోసి రాతిగోడ కంటే లోతుగా కుళ్లిన మట్టితో పచ్చగా ఉన్న వాలే ఎక్కువ సందర్భాల్లో జారుతుంది. చెట్ల వేళ్లు పై మట్టిని పట్టి ఉంచుతాయి. వేళ్లకు అందని లోతున జారుడు మొదలైతే చెట్లతో సహా కదిలిపోతుంది. రోడ్డు కోసమో ఇల్లు కోసమో కొండ పాదాన్ని తొలిస్తే పైనున్న బరువుకు ఆధారం తీసేసినట్టే.

పెద్ద వాన పడుతుండగా ఎప్పుడూ తేటగా ఉండే ఊట హఠాత్తుగా బురదగా మారినా, వాగులో నీరు ఉన్నట్టుండి తగ్గినా, వాలు పైన కొత్త బీటలు కనిపించినా ఆగి చూడవద్దు. వాగు వెంట కిందికి పరుగెత్తవద్దు. వాగు దారిని వదిలి, పక్కనున్న గట్టి మిట్ట మీదికి వెళ్లండి. ముసలివారిని, పిల్లలను ముందు పంపండి.