వెనక వెలుగు ఉంటేనే తెలిసే వాయువు

చలికాలం రాత్రి ఉదయగిరి కొండల వైపో, మార్కాపురం దాటాక లైట్లు లేని చోటో నిలబడి చూస్తే ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చలా మామూలు కంటికే కనిపిస్తుంది. ఆ కనిపించేదంతా నక్షత్రాల వెలుగు. ఆ నక్షత్రాలకు ముడిసరుకు హైడ్రోజన్. చాలా గెలాక్సీల్లో ఇప్పుడున్న నిల్వ ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లకు మించి రాదు. మరి బయట నుంచి ఎంత వచ్చి చేరుతోంది? ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది.

తటస్థ హైడ్రోజన్, అంటే ఎలక్ట్రాన్‌ను కోల్పోని హైడ్రోజన్, 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వదులుతుందని 1944లో ఖగోళ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ ఊహించారు. 1951లో ఎవెన్, పర్సెల్ దాన్ని పట్టుకున్నారు. చిక్కేమిటంటే, ఒక పరమాణువు తనంతట తాను ఆ తరంగాన్ని వదలాలంటే సగటున కోటి ఏళ్లు పైనే పడుతుంది. అంత బలహీనమైన సంకేతం దూరపు గెలాక్సీల నుంచి మన దాకా రావడం కష్టం.

దారి చూపింది క్వేజార్లు, అంటే చాలా దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే క్వేజార్ అసలు దూరాన్ని తేల్చాక, విశ్వం అంచుల నుంచి వెలిగే దీపాలు దొరికినట్టయింది. వాటి వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) కనిపించే నల్ల గీతలు దారిలోని గెలాక్సీల చుట్టూ పరుచుకున్న వాయువువే కావచ్చని 1969లో బాకాల్, స్పిట్జర్ అన్నారు. నెల్లూరు-ఒంగోలు హైవే మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందో ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్ మసకబారిన తీరును బట్టి చెబుతాం కదా, ఇదీ అంతే. తటస్థ హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల దగ్గర వెలుగును మింగేస్తుంది. ఆ గీత ఎంత వెడల్పుగా, ఎంత లోతుగా ఉందో కొలిస్తే దారిలో ఎంత వాయువు ఉందో తెలుస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ అతినీలలోహిత వెలుగును మన వాతావరణం అడ్డుకుంటుంది. కానీ విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి, చాలా దూరపు వాయువు గీత సాగి 365 నానోమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. దాన్ని నేల మీది టెలిస్కోపులే చూడగలవు. పక్కనున్న గెలాక్సీల కోసమే అంతరిక్షానికి వెళ్లాలి! అందుకే దూరపు వాయువు లెక్కలు ముందు తేలాయి. 1986లో వోల్ఫ్ బృందం దట్టమైన హైడ్రోజన్ మేఘాల సర్వే ప్రచురించింది. దగ్గరి వాటి వివరాలు 2009లో హబుల్‌కు కొత్త వర్ణపటమాపకం అమర్చాకే జోరందుకున్నాయి. 2015లో అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోనూ అతినీలలోహిత టెలిస్కోపు ఉంది గానీ, ఇంత సన్నటి గీతల్ని విడదీయడం దాని పని కాదు.

ఈ పద్ధతికి పెద్ద పరిమితి, ఒక్కో గెలాక్సీ వెనక సాధారణంగా ఒక్క దీపమే ఉండటం. ఆండ్రోమెడా ఆకాశంలో బాగా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి 2020లో దాని చుట్టుపక్కల 43 క్వేజార్లను పరిశీలించగలిగారు. వాయువు కొన్ని వైపుల 20 లక్షల కాంతి సంవత్సరాల దాకా ఉందని తేలింది. అందులో చాలావరకు ఎలక్ట్రాన్లు కోల్పోయినదే, అంటే తటస్థ వాయువు కాదు.

ఈ పనికి పుణె దగ్గర 30 డిష్‌లతో ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు మన దేశపు ప్రధాన సాధనం. రేడియో తరంగాలు వదిలే క్వేజార్ ముందున్న వాయువు 21 సెంటీమీటర్ల దగ్గర ఎంత మింగిందో కొలిచి, దాన్ని మొత్తం హైడ్రోజన్‌తో పోలిస్తే ఆ వాయువు చల్లగా ఉందా వెచ్చగా ఉందా అన్నది తెలుస్తుంది. చల్లని వాయువే నక్షత్రాలుగా కూడుతుంది. దూరపు మేఘాల్లో చాలావాటిలో వెచ్చనిదే ఎక్కువని ఈ కొలతలు చూపించాయి.