ఏడుపు రాని దిగులు

"నాకు ఏడుపేమీ రావడం లేదు. దేని మీదా మనసు పోవడం లేదు, అంతే. దీన్ని కూడా డిప్రెషన్ అంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

అనొచ్చు. డాక్టర్లు ముందుగా చూసేవి రెండు: దిగులు, ఆసక్తి చచ్చిపోవడం. వీటిలో ఒక్కటైనా ఉండి, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత లాంటివి కూడా కలిపి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ వేధిస్తే ఆ పేరు పెడతారు. తొమ్మిదీ ఇక్కడ ఏకరువు పెట్టను. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఆ రెండోదే.

1896లో రిబో అనే ఫ్రెంచి మనస్తత్వవేత్త దానికి 'అన్‌హెడోనియా' అని పేరు పెట్టాడు. ఆనందం లేకపోవడం అని అర్థం. కానీ పోయేది ఎప్పుడూ ఆనందమేనా? ఎలక మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తే, ఎదురుగా తిండి పెట్టినా అది ముట్టదు. అలా వదిలేస్తే ఆకలితో చచ్చిపోతుంది. అదే ఎలక నోట్లో తీపి నీళ్ల చుక్క వేస్తే మాత్రం ఎప్పట్లాగే చప్పరిస్తుంది! రుచి తెలుస్తూనే ఉంది, దాని కోసం లేచే కోరిక పోయింది.

కోతుల మీద చేసిన ప్రయోగాలు ఇంకో మెట్టు ఎక్కించాయి. దీపం వెలిగిన కాసేపటికి పళ్లరసం ఇస్తారు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు డోపమైన్ వదిలే మెదడు కణాలు చురుగ్గా స్పందిస్తాయి. అలవాటయ్యాక దీపం వెలగగానే స్పందిస్తాయి, రసానికి కాదు. దీపం వెలిగీ రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణంలో మామూలు స్థాయి కంటే కిందికి పడిపోతాయి. అంటే ఆ కణాలు 'ముందు మంచి ఉంది' అని అంచనా కడుతున్నాయన్నమాట. డిప్రెషన్ అంతా డోపమైన్ కథ కాదు, జన్యువులూ ఒత్తిడి హార్మోన్లూ అన్నీ ఉన్నాయి. కానీ మా పాఠకురాలి ప్రశ్నకు ఇది బాగా అతుకుతుంది.

ఈ అంచనా చెడిపోతే అది చిన్న చిన్న వాటిలోనే బయటపడుతుంది. ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కాదు. స్నానం మధ్యాహ్నానికి జరుగుతుంది. చీటికీ మాటికీ విసుగు. కొందరికి తెల్లారకముందే మెలకువ వచ్చేసి, పొద్దున మనసు రాయిలా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. చూసేవాళ్లు బద్ధకం అంటారు, లేదా గ్రహాలు బాగోలేవంటారు. "గట్టిగా అనుకుంటే పోతుంది" అనేది కూడా మూఢనమ్మకమే, కాకపోతే చదువుకున్నవాళ్లది.

చేతిపంపు కొట్టినవాళ్లకు తెలుసు. తోలు వాషర్ ఎండిపోతే ఎంత కొట్టినా గాలే వస్తుంది. ముందు పైనుంచి ఒక చెంబు నీళ్లు పోయాలి. వాషర్ తడిసి ఉబ్బి గొట్టానికి పట్టేస్తుంది, అప్పుడు కొడితే నీళ్లు ఎక్కుతాయి. కోరిక పుట్టాక పని చేద్దామని కూర్చోవడం ఎండిన పంపు కొట్టడమే. పని ముందు, కోరిక తర్వాత. పది నిమిషాల నడక, ఒక్క ఫోన్, ఒకే వేళకు లేవడం. పైగా చేసేముందు 'ఇందులో ఎంత హాయి ఉండొచ్చు' అని పదికి మార్కులు వేసుకుని, చేశాక మళ్లీ వేయండి. రెండో అంకె చాలాసార్లు పెద్దదవుతుంది. తప్పు లెక్క కడుతున్న మెదడుకు మీరు చూపించే రుజువు అది. ఇదేదో చిట్కా అనుకోకండి. 1996లో జేకబ్‌సన్ అనే మనస్తత్వవేత్త బృందం కాగ్నిటివ్ థెరపీని, అంటే ఆలోచనల తీరును సరిదిద్దే మాటల చికిత్సను, విడదీసి చూస్తే, ఈ 'పనిలో దించే' భాగం ఒక్కటే మొత్తం థెరపీకి దీటుగా నిలిచింది.

ఎన్ని చెంబులు పోసినా నీళ్లు రాకపోతే తప్పు వాషర్‌ది కాదు, భూమిలో నీటిమట్టమే దిగిపోయింది. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ మందగించినా ఇలాగే ఉంటుంది, కాబట్టి రక్తపరీక్ష కూడా చేయిస్తారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పి, వాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. మందులు రాస్తే, వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. చాలామంది మొదటి వారంలోనే "ఏం లాభం లేదు" అని మానేస్తారు. చాలాసార్లు నిద్ర, ఆకలి ముందు కుదురుకుంటాయి, మనసు ఆ తర్వాత వస్తుంది.