కేసు వదిలి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు మీ తాతయ్య ఆశీస్సులు.

మీలో పెద్దది రాసిన ఉత్తరం మొన్న అందింది. ఐదేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్న తాను ఆ ఉద్యోగం మానుకుని ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వెళ్లాలనుకుంటున్నానని, అందుకు కావలసిన కోర్సులో ఇప్పటికే చేరానని రాసింది. అంతవరకు నాకు సంతోషమే. కానీ ఉత్తరం చివర "ఈ ఐదేళ్లూ లెక్కలోకి రావు తాతయ్యా, మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టే" అన్నది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. మీలో మిగిలినవారికి కూడా ఏదో ఒకనాడు ఇదే బెంగ పట్టుకోవచ్చు గనుక అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను చేసిన పని మీరెవరూ కళ్లతో చూసి ఉండరు. 1971లో, పదహారేళ్ల వయసులో, ఇక్కడే ఒక చిన్న అచ్చాపీసులో కంపోజిటరుగా, అంటే అచ్చుకు అక్షరాలు కూర్చేవాడిగా, చేరాను. కంపోజిటరు ముందు కేసు అనే చెక్కపెట్టె ఏటవాలుగా ఉంటుంది. దాని నిండా గడులు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సీసపు అక్షరం. తెలుగులో గుణింతాలకూ ఒత్తులకూ విడివిడిగా టైపులు కావాలి గనుక ఇంగ్లీషు కంపోజిటరుకు ఉండే సుఖం మాకు లేదు; చుట్టూ కేసులు పెట్టుకుని, వందల గడుల మధ్య రోజంతా నిలబడి పని చేసేవాళ్లం. ఎడమచేత స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చే చిన్న లోహపు పళ్లెం, పట్టుకుని, ఎదురుగా ఉన్న రాతప్రతి చదువుతూ, కుడిచేత్తో అక్షరాలు ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోవాలి. పంక్తి కొలతకు నిండకపోతే మాటల మధ్య స్పేసులు వేసి బిగించాలి, ఎందుకంటే వదులుగా ఉన్న పంక్తిలోని అక్షరం యంత్రం మీదకు వెళ్లాక ఊడిపోతుంది. అచ్చు పూర్తయ్యాక ఆ అక్షరాలన్నిటినీ కడిగి, మళ్లీ ఎక్కడివక్కడ గడుల్లో వేయాలి. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్లం. అందరికీ విసుగు పుట్టించే పని అదే. అయితే ఈరోజు తప్పు గడిలో పడిన 'ప' వచ్చే నెల ఎవరి పుస్తకంలోనో 'వ' ఉండవలసిన చోట తేలుతుంది గనుక, ఆ విసుగులోనే మా పరువంతా ఉండేది.

ఇరవయ్యొక్క ఏళ్లు ఆ పని చేశాను. ఊళ్లోకి సీసపు అక్షరాలు అక్కరలేని ఆఫ్‌సెట్టు అచ్చు, దాని వెనకాలే కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చాయి. 1992లో మా యజమాని అచ్చాపీసు మూసివేసి, టైపంతా కిలోల లెక్కన అమ్మేశాడు. చీకట్లో కూడా నా వేళ్లకు దొరికే అక్షరాలను గోనెసంచుల్లో పోసి, తూకం వేసి, కరిగించడానికి తీసుకుపోయారు. అప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు, ఇద్దరు పిల్లలు, చేతిలో పదో తరగతి మార్కుల కాగితం కూడా లేదు. మీలో పెద్దది ఇప్పుడు రాసిన వాక్యాన్నే ఆనాడు నేను మీ నాయనమ్మతో అన్నాను.

పని కోసం విజయవాడ వెళ్లి రెండు డీటీపీ సెంటర్లలో అడిగితే ఇద్దరూ కాదన్నారు. తప్పు వాళ్లది కాదు. "ఇరవై ఏళ్లు కంపోజింగు చేశానండి" అని చెప్పుకున్నాను. వాళ్ల దగ్గర కంపోజింగు లేదు, స్టిక్కు లేదు, కేసు లేదు. లేని పనిలో నాకు ఎంత అనుభవం ఉంటే మాత్రం వాళ్లకేమిటి? మూడోచోట నేను అడిగే వంతు రాకముందే ఒక రచయిత రాతప్రతి తెచ్చి, ఎన్ని పేజీలవుతుంది, కాగితం ఎంత కొనాలి అని అడిగాడు. అంతా టైపు చేస్తేగాని చెప్పలేమన్నారు అక్కడి కుర్రవాళ్లు. నేను ఆ ప్రతిని అడిగి తీసుకుని, నాలుగైదు చోట్ల పంక్తికి ఎన్ని మాటలో, పేజీకి ఎన్ని పంక్తులో లెక్కపెట్టి, రచయిత పేరాలు ఎక్కువగా విడగొట్టే మనిషి అని కూడా చూసుకుని, డెమ్మీ 1/8 అనే పుస్తకం సైజులో తొమ్మిది ఫారాలు, మహా అయితే రెండు మూడు పేజీలు అటూ ఇటూ అన్నాను. ఫారానికి 16 పేజీలు గనుక 144. చివరకు ఆ పుస్తకం 146 దగ్గర తేలింది. అయితే అది తేలకముందే, ఆ సాయంత్రమే, నన్ను పనిలోకి తీసుకున్నారు. జీతం మాత్రం అచ్చాపీసులో వచ్చినదానికన్నా తక్కువ. ఆ సంగతి దాచను, పని మార్చుకునేవారు మొదటి ఏడాది ఖర్చుల లెక్క ముందే వేసుకోవాలి.

కంపోజిటరు అన్న పేరుతో నేను చేస్తున్నది నిజానికి ఒక పని కాదని, పది పన్లని, ఆనాటిదాకా నాకే తెలియదు. వాటిలో అక్షరం ఏరడం ఒక్కటే సీసంతో పాటు పోయింది. రాతప్రతిని చూసి పుస్తకాన్ని ఊహించడం, గజిబిజి దస్తూరీ చదవడం, 'కథ'ను 'కధ' అని రాస్తే కంటికి నలుసు పడినట్టు ఆగిపోవడం, పేజీలో ఖాళీ ఎక్కడ ఎక్కువైందో స్కేలు పెట్టకుండా పట్టుకోవడం, గడువు చెప్పి ఆ గడువుకు ఇవ్వడం: ఇవేవీ సీసంలో లేవు. తొందర గుణం ఉన్న కుర్రవాళ్లు ఫైళ్లను దొరికిన పేరుతో దొరికిన చోట దాచి, మరునాడు గంటసేపు వెతుక్కునేవారు. నేను మాత్రం ప్రతి అధ్యాయాన్నీ దాని ఫోల్డరులో, అది ఎన్నోసారి దిద్దిన ప్రూఫో పేరులోనే చేర్చి దాచేవాణ్ణి. అదేం తెలివి అని ఒకడు మెచ్చుకుంటే నవ్వొచ్చింది. అది డిస్ట్రిబ్యూషనే కదా!

ఇంతవరకే చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. పాత నేర్పు వెంట వచ్చి సాయం చేసినట్టే, వెంట వచ్చి కాళ్లకు అడ్డం పడడం కూడా ఉంది. పేజ్‌మేకర్ అనే డీటీపీ ప్రోగ్రాములో నేను కూర్చిన మొదటి వ్యాసంలో, చేతి అలవాటు కొద్దీ, ప్రతి పంక్తినీ స్పేసులు కొట్టి కొలతకు నింపి, చివర ఎంటర్ నొక్కుతూ పోయాను. తెర మీద చూస్తే ముత్యాల్లా ఉంది. మరునాడు కాలమ్ వెడల్పు అర అంగుళం తగ్గించమన్నారు. తగ్గించగానే నా ఎంటర్లూ స్పేసులూ అన్నీ పంక్తుల మధ్యలోకి వచ్చి పడి, వ్యాసం మొత్తం పళ్లూడిన దువ్వెనలా తయారయింది. పంక్తి నింపే పని యంత్రమే చేస్తుందని, అందులో నేను వేలు పెట్టకూడదని నా వేళ్లకు నచ్చజెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆ పని అసలే రానివాడు ఆ పొరపాటు చేయడు. బాగా వచ్చినవాడే చేస్తాడు.

ఇంకోటి మరీ విచిత్రమైనది. 'స్త్రీ' అన్న అక్షరం తీసుకోండి. సీసంలో మేము ముందు 'సీ' పెట్టి, దానికి త ఒత్తు, ర ఒత్తు చేర్చేవాళ్లం. కంటికి కనిపించే ఆకారం ఎలా ఉందో అలాగే కూర్పు. నేను మొదట నేర్చుకున్న డీటీపీ ఫాంట్లు కూడా తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టినవే గనుక, అక్షరాన్ని ముక్కలుగా చూసే నా కన్ను అక్కడ బాగా పనికొచ్చింది. తరువాత యూనికోడ్, అంటే కంప్యూటర్లన్నిటికీ ఒకటే అయిన అక్షర సంకేతాల పద్ధతి, వచ్చింది. దానికి ఆకారంతో పనిలేదు, పలికే వరుస కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం. ముందు పెట్టే ముక్క చివరికి పోయింది. ఇరవై ఏళ్ల సీసం, మరో పదిహేనేళ్ల డీటీపీ కలిసి నాకు నేర్పిన వరుసను యాభై దాటాక తిరగేసుకోవలసి వచ్చింది. అయితే యూనికోడ్ వరుస, చిన్నప్పుడు బడిలో పలక మీద నేర్చిన వరుసే. అచ్చాపీసుకన్నా ముందటి చదువు ఒకటి అడుగున ఉండి, అప్పుడు పైకి వచ్చింది.

అచ్చు పని మాట వచ్చింది గనుక ఒక పెద్దమనిషి సంగతి కూడా చెబుతాను. విద్యుత్తు మీద చేసిన ప్రయోగాలతో పేరుపొందిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే లండనులో పుస్తకాలు బైండు చేసే ఒక దుకాణంలో, 1805లో, పద్నాలుగేళ్ల వయసులో పని నేర్చుకోవడానికి చేరాడు. ఏడేళ్లు అక్కడే పని చేశాడు. దుకాణానికి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే, 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, సుమారు మూడు వందల పేజీలను తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో, డేవీ ఉపన్యాసాలిచ్చిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే సహాయకుడిగా పని దొరికింది. అతని ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదుగానీ, మా వృత్తివాడిగా నాకు కనిపించేది ఆ బైండింగు. "నాకు సైన్సంటే ఇష్టం" అని ఉత్తరం రాసి ఊరుకోలేదు. శ్రద్ధగా విన్నాడని, వరుసగా రాసుకున్నాడని, చేతిపని వచ్చని, ఆ ఒక్క పుస్తకమే డేవీకి చెప్పింది.

ఇక అమ్మా, నీ సంగతికి వస్తాను. నువ్వు టెస్టింగు గురించి పంపిన పాఠాలు చదివించుకుని విన్నాను. పరీక్షలో 35 వస్తే పాసు అని ప్రోగ్రాము రాసినప్పుడు, 34, 35, 36 వేసి చూడాలని, గట్టు దగ్గరే తప్పు దాగి ఉంటుందని అందులో ఉంది. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు నువ్వు చేసేది ఇదే కదా? పిల్లలు సున్నా దగ్గర, రుణసంఖ్య దగ్గర, సమానపు గుర్తు దాటేచోట జారతారని తెలిసే కదా అక్కడ ప్రశ్న పెడతావు? జవాబు తప్పని చెప్పడం ఎవరైనా చేస్తారు. నాలుగు మెట్లు వెనక్కి వెళ్లి, పిల్లవాడు ఫలానా చోట గుర్తు మార్చడం మరిచాడని వేలుపెట్టి చూపడం నీకు వచ్చు. టెస్టరు రాసే నివేదికలో కూడా ఏ మెట్టు తరువాత ఏ మెట్టు చేస్తే తప్పు మళ్లీ కనిపిస్తుందో, రావలసింది ఏమిటో, వచ్చింది ఏమిటో ఉండాలట. ఐదేళ్లుగా నువ్వు జవాబు పత్రాల అంచుల్లో ఎర్రసిరాతో రాస్తున్నది అదే.

అయితే ఇంటర్వ్యూలో "ఐదేళ్లు టీచరుగా చేశాను" అని ఆగిపోతే, నేను మొదటి రెండు సెంటర్లలో చేసిన తప్పే నువ్వూ చేస్తావు. నా సలహా విను: ఒక మామూలు పనిరోజును, పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం రిజిస్టరు మూసేదాకా, ఏ చేత్తో ఏం చేశావో కాగితం మీద రాయి. అందులోంచి బడికే చెల్లే మాటలు కొట్టివేసి, వాళ్ల ఆఫీసులో వాడుకలో ఉన్న మాట పెట్టు. తరువాత ఫారడేలాగా ఏదైనా ఒకటి చేసి చేతిలో పట్టుకెళ్లు. మీ బడి వాడుతున్న ఫీజుల యాప్ ఉందన్నావు కదా, ప్రిన్సిపాలుగారి అనుమతి అడిగి, ఎవరి వివరాలూ బయటకు పోకుండా, అందులోని లోపాలు పది పట్టి, టెస్టింగువాళ్లు రాసే పద్ధతిలో నివేదిక తయారుచేయి. దాని ముందు సర్టిఫికెట్టు చిన్నదైపోతుంది.

వెంట రానివి కూడా ఒప్పుకో. డేటాబేసులోని సమాచారాన్ని అడిగి తీసుకునే భాష, ఎస్‌క్యూఎల్, నీకు రాదు; దాన్ని నేర్చుకోవడానికి లెక్కల బుర్ర తోడ్పడుతుందేగానీ, దాని బదులు నిలబడదు. మన వీధిలో నర్సుగా చేసిన అమ్మాయి రోగాలకూ చికిత్సలకూ కోడ్లు వేసే మెడికల్ కోడింగుకు మారింది, తెలుసు కదా. శరీర భాగాల పేర్లు, రోగాల పేర్లు, డాక్టరు రాసే పొట్టిమాటలు ఆమెకు కొట్టినపిండి. ఆ కోడ్లూ వాటి నియమాలూ మాత్రం అందరితో పాటు కూర్చుని చదివి, పరీక్ష రాసింది. అడ్డం పడేది కూడా ఒకటి నీలో ఉంది, చనువు కొద్దీ చెబుతున్నాను: తప్పు కనిపించగానే నీ గొంతులోకి పంతులమ్మ వస్తుంది. ప్రోగ్రాము రాసినవాడు నీ విద్యార్థి కాదు. తప్పు పట్టే ఉద్యోగంలో, పట్టినదాన్ని అవతలివాడు ముఖం మాడ్చుకోకుండా తీసుకునేలా చెప్పడం సగం పని. ప్రూఫుల దగ్గర రచయితలతో పడ్డ తగాదాల వల్ల నాకు అది ఆలస్యంగా తెలిసింది.

చిన్నవాళ్లకు ఒక మాట. మీకు ఇంకా ఉద్యోగమే లేదు గనుక ఈ గొడవ మీది కాదనుకోకండి. చిన్నోడు పెళ్లిళ్లకు వడ్డన జట్టుతో వెళ్లి సంపాదించుకుంటున్నానని సిగ్గుపడుతూ చెప్పాడు. మూడు వందల మంది పంక్తికి ఏది ముందు, ఏది తరువాత, ఎక్కడ అన్నం తరుగుతోంది అని చూసుకుంటూ తిరిగినవాడికి అందులో సిగ్గేమిటి? వాడు కూడా ఒక రోజు పని రాసి చూసుకోవాలి.

పెద్దమ్మాయి తన కాగితం రాయడం పూర్తయ్యాక నాకు పంపవలసింది. వచ్చే ఆదివారంలోగా అందితే, ఎర్రపెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య

తాజాకలం: అమ్మా, నీ ఉత్తరంలో రెండుచోట్ల 'భాద్యత' అని రాశావు. 'బాధ్యత' అనాలి; ఒత్తు బ కు కాదు, ద కు. టెస్టరు కాబోయేదానివి.