బల్ల మీద ఆడింది బోరు కాడ ఆడదు: ఎలక్ట్రానిక్స్ హాబీని సరుకుగా మార్చేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

మేం చేసేది బోరు మోటార్లకు డ్రై రన్ ప్రొటెక్టర్లు. బోర్లో నీళ్లు అయిపోతే మోటారు కాలిపోకుండా ఆపేసే చిన్న డబ్బా. తిరుపతిలో రెండు గదుల షెడ్డు, నాతో కలిపి నలుగురం. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, పగలు ఉద్యోగం చేసి రాత్రి సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, "అన్నా, ఒకటి తయారుచేసినాను, అమ్మొచ్చా?" అని అడుగుతుంటారు. వాళ్ల నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం ఒకప్పుడు నేను అన్నవే.

అపోహ: "మా ఇంట్లో నెల రోజులు ఆగకుండా ఆడింది. ఇక అమ్మేయడమే."

మా మొదటి విడత ఇరవై డబ్బాలు. అవీ బల్ల మీద నెల రోజులు ఆడాయి. పొలాల్లో పెట్టాక ఒక్క ఎండాకాలంలో పదకొండు తిరిగొచ్చాయి. ఒక్కోటి విప్పి చూస్తే ఒక్కో పాఠం.

మొదటిది న్యూట్రల్. ఇంట్లో ప్లగ్గులో 230 వోల్టులు వస్తుంది కాబట్టి 230 వోల్టుల పవర్ సప్లై మాడ్యూల్ వేసి బోర్డు గీస్తాం. మన పక్క పొలాల్లో స్టార్టర్ డబ్బాలోకి చాలాచోట్ల మూడు ఫేజులే (కరెంటు మోసే తీగలు) వస్తాయి, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే తీగ) రాదు. రెండు ఫేజుల మధ్య ఉండేది 415 వోల్టులు. 265 వోల్టుల దాకా తట్టుకునే మాడ్యూల్‌ను వాటికి కలిపితే స్విచ్ వేసిన క్షణంలోనే టప్పున పేలుతుంది. పాకాల పక్క ఒక పొలంలో నా కళ్ల ముందే పేలింది. రైతు ఏమీ అనలేదు. రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు, అంతే.

రెండోది రిలే, అంటే బోర్డు నడిపే చిన్న స్విచ్. హాబీ కిట్లలో వచ్చే నీలం రంగు బుల్లి రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీ అని అచ్చేసి ఉంటుంది. అది ఆపాల్సింది మోటారును ఆన్‌లో పట్టి ఉంచే స్టార్టర్ కాయిల్‌ను, అది 415 వోల్టులది. కాయిల్ తీసుకునే కరెంటు ఏపాటిదిలే అనుకుని వాడేశాను. కాయిల్ అంటే ఇండక్టివ్ లోడు, దాంట్లో కరెంటు ఒక్కసారిగా ఆగదు. తెరిచిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య నిప్పు సాగుతుంది. కొన్ని వారాలకు ఆ కాంటాక్టులు అతుక్కుపోయాయి. నీళ్లు లేవని మా డబ్బా సరిగ్గానే పసిగట్టింది, ఎర్ర లైటు వెలిగించింది. మోటారు మాత్రం ఆడుతూనే ఉంది. "నీ డబ్బా ఎర్రగా చూస్తా ఉండాది గానీ మోటరు ఆగలే నాయనా" అని ఫోన్ వచ్చింది. ఆ మోటారు రివైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు 440 వోల్టుల రేటింగ్ ఉన్న కాంటాక్టులే వాడుతున్నాం. కాయిల్‌కు అడ్డంగా తగిన వోల్టేజీ స్నబ్బర్ (ఎగదన్నే వోల్టేజీని మింగే చిన్న సర్క్యూట్) కూడా పెడుతున్నాం. అది లేకపోతే కాయిల్ వదిలినప్పుడు వచ్చే స్పైక్‌కు మైక్రోకంట్రోలర్ (కోడ్ నడిపే చిప్) రీసెట్ అవుతుంది. బల్ల మీద రిలేకు ఎల్‌ఈడీ తగిలించి పరీక్షిస్తే ఇది జన్మలో కనపడదు.

మూడోది ఎండ. ఇక్కడ మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన రేకు డబ్బా లోపల 65 అనుకోండి. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తీసుకుందాం. వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. 65 దగ్గర 8,000 గంటలు. ఆగకుండా నడిస్తే 333 రోజులు, అంటే ఏడాది వారంటీ కూడా నిండదు. అదే 2,000 గంటలు 105 డిగ్రీల దగ్గర అని రాసి ఉన్న రకమైతే 32,000 గంటలు. రెండింటికీ ధరలో తేడా ఒకటి రెండు రూపాయలు. త్రీడీ ప్రింటర్లో పీఎల్ఏతో చేసిన అందమైన పెట్టె సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అమ్మే సరుకుకు బజార్లో దొరికే ఏబీఎస్ పెట్టె తీసుకుని, వైర్లు కింది నుంచి వచ్చేలా రంధ్రాలు వేసుకోండి. పైనుంచి వైరు వస్తే దాన్ని పట్టుకుని వాన నీళ్లు కూడా వస్తాయి.

ఇంకా చీమలు, బల్లులు. స్టార్టర్‌లో మోటారును కలిపే పెద్ద స్విచ్ (కాంటాక్టర్) వెచ్చగా ఉంటుందని చీమలు గూడు పెడతాయి. బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడి చస్తుంది. బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ, పురుగులు తగలకుండా పూసే పూత) ఎందుకని అడిగేవాళ్లకు తిరిగొచ్చిన డబ్బా ఒకటి మూత తీసి చూపిస్తాను. మళ్లీ అడగరు.

అపోహ: "కోడ్ అయిపోయింది కాబట్టి ముప్పావు వంతు పని అయిపోయినట్టే."

మా డబ్బా కోడ్ మొదటి రూపం ఒక ఆదివారం మధ్యాహ్నం రాసిందే. నీళ్లు లేకపోతే మోటారు మీద లోడు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, తగ్గితే ఆపేయి. చూడటానికి సులువు. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడు మీద 8 ఆంపియర్ల లెక్కన తీసుకుంటుంది, 5 కంటే తగ్గితే నీళ్లు లేవు అని రాసుకున్నాం.

పొలంలో వోల్టేజీ స్థిరంగా ఉండదు. వోల్టేజీ పడిపోయినప్పుడు లోడు మీదున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ పెరిగితే నీళ్లు లేని మోటారు కూడా మామూలుకంటే ఎక్కువే తీసుకుంటుంది. ఆంపియర్లు ఒక్కటే చూసే కోడ్ ఒకరోజు నీళ్లుండగానే ఆపేస్తుంది, ఇంకోరోజు ఉత్త బోర్లో ఆడిస్తుంది. చివరికి వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి పోయే వంతు) రెండూ కొలవాల్సి వచ్చింది. నీళ్లు లేనప్పుడు పవర్ ఫ్యాక్టర్ పడిపోవడం ఆంపియర్ల కంటే నమ్మకమైన గుర్తు. ఆదివారం మధ్యాహ్నం కోడ్ కాస్తా ఎనిమిది నెలల పనైంది. అందులో ఎక్కువ కాలం బోరు గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చోవడమే.

ఇంకో ముచ్చట. కరెంటు రాగానే మోటారు దానంతటదే స్టార్టవ్వాలని రైతులు అడుగుతారు. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు, అది ఎప్పుడొస్తుందోనని కాచుకుని కూర్చోవడం వాళ్ల కష్టం. కానీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఆ ఒక్క క్షణంలో లేస్తే, మామూలు కరెంటుకు ఆరు రెట్లు ఒక్కసారిగా లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఊరంతా మన డబ్బానే తిడుతుంది. అందుకని ఒక్కో డబ్బా తన సీరియల్ నంబర్‌ను బట్టి ఒక్కో ఆలస్యంతో మోటారును లేపేలా పెట్టాం. రైతు అడిగిన ఫీచర్ ఒకటి, ఊరి మీద దాని ప్రభావం ఇంకొకటి.

అపోహ: "రేణిగుంటలో ఫోన్ల ఫ్యాక్టరీలు, శ్రీసిటీలో ఇంకా పెద్దవి. మన బోర్డులు చేయించుకోవడం ఎంతసేపు?"

శ్రీసిటీలో 2015లోనే ఫాక్స్‌కాన్ ఫోన్ల అసెంబ్లీ మొదలుపెట్టింది. నిజమే, మనకు గర్వమే. కానీ అలాంటి లైన్లు లక్షల్లో చేయడానికి కట్టినవి. మన వంద బోర్డుల కోసం అక్కడ మెషీన్ సెట్టింగ్ మార్చరు. వందలోపైతే చేత్తో సోల్డర్ చేయండి, వందలు దాటితే చెన్నై, బెంగళూరుల్లో చిన్న అసెంబ్లీ యూనిట్లు చూసుకోండి. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ ఉచితం, అందులో గీసి గెర్బర్ ఫైళ్లు (బోర్డు నమూనా ఫైళ్లు) పంపితే బోర్డులు ఇంటికొస్తాయి. చైనా నుంచి ఐదు బోర్డులు కారు చౌకగా వస్తాయి గానీ కొరియర్, కస్టమ్స్ కలిపి లెక్క వేసుకోండి.

పార్టులకు మనవాళ్లంతా రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు, నేనూ పోతాను. శాంపిళ్లకు అంతకంటే మంచి చోటు లేదు. విడత సరుకుకు మాత్రం బిల్లు, బ్యాచ్ నంబర్ ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి. లూజుగా కొన్న కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు (మోటారు కరెంటు కొలిచే చిన్న చుట్టలు) ఒకే సంచిలో రెండు రకాలు తగిలి, మేం ముప్పై డబ్బాలు మళ్లీ విప్పాం.

అపోహ: "వైఫై మాడ్యూల్ మీద సీఈ గుర్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదు. ఇంకేం కావాలి?"

సీఈ యూరప్ గుర్తు, ఇక్కడ దాంతో పనిలేదు. లైసెన్స్ అక్కర్లేదంటే ఆమోదం అక్కర్లేదని కాదు. వైఫై, బ్లూటూత్, లోరా (దూరం పోయే రేడియో) ఉన్న వస్తువు అమ్మాలంటే టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనే ఆమోదపత్రం ఉండాలి. మాడ్యూల్ కొనే ముందే అమ్మేవాణ్ణి ఆ కాగితం అడగండి. పవర్ అడాప్టర్లు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉన్నాయి కాబట్టి, సొంతంగా చేసే సాహసం మాని, రిజిస్టరైన అడాప్టర్ కొని పెట్టెలో పెట్టండి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, మీ పేరు, చిరునామా, తయారైన నెల, ఫిర్యాదులకు నంబర్ వేయాలి. ఇది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ సంగతి, తూనికలు కొలతల శాఖ చూస్తుంది.

సిమ్ పెట్టే డబ్బాలు చేసేవాళ్లకు ఒక మాట. సిమ్800 మాడ్యూల్ 2జీది. జియోకు 2జీ లేదు. రైతు ఇంట్లో ఉన్న పాత జియో సిమ్ వేసి, పనిచేయలేదని మిమ్మల్ని పిలుస్తాడు.

అపోహ: "పార్టులకు 600 అయింది. 900కు అమ్మితే 300 లాభం."

ఈ లెక్కతోనే రెండేళ్లు నష్టపోయాను, తెలియకుండానే. మా డబ్బా రైతుకు 1,800. అందులో 18 శాతం జీఎస్‌టీ పోతే మిగిలేది 1,525. బిగించే మెకానిక్‌కు 250, షాపుకు 200. ఉన్నది 1,075. పార్టులు, పెట్టె, టెర్మినళ్లు 610. కూలి, టెస్టింగ్ 90. ప్యాకింగ్, రవాణా 70. చేతిలో 305. అందులోంచే షెడ్డు అద్దె, తిరిగొచ్చిన వాటి ఖర్చు. పలమనేరు అవతల ఒక డబ్బా చెడితే పోయిరావడానికి ఒక పూట, పెట్రోలు. ఒక్క సర్వీసుకే రెండు డబ్బాల లాభం కరిగిపోతుంది. 900కు అమ్మినప్పుడు ఏం జరిగిందో మీరే లెక్క కట్టుకోండి. అందుకే ఇప్పుడు ప్రతి డబ్బానూ టెస్ట్ జిగ్ (పరీక్షించే చట్రం) మీద పెట్టి, 24 గంటలు ఆడించి, సీరియల్ నంబర్ నోటుబుక్కులో రాసుకున్నాకే బయటికి పంపుతాం.

అపోహ: "ముందు పేటెంట్ తీసుకోవాలి, లేకపోతే కాపీ కొడతారు."

మీ పనిలో నిజంగా కొత్తదనం ఉంటే, ఎగ్జిబిషన్లో చూపించడానికి ముందే దరఖాస్తు వేయండి, బయటపడ్డాక వేస్తే చిక్కు. ప్రొవిజనల్ వేస్తే పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువుంటుంది. చాలా హాబీ సరుకుల్లో అంత కొత్తదనం ఉండదు, మా దాంట్లోనూ లేదు. చిప్‌లో కోడ్ లాక్ చేసి, పేరును ట్రేడ్‌మార్క్ చేయించుకుని ఊరుకున్నాం.

అపోహ: "మొదట ఓ పది ఉచితంగా ఇస్తే బాగోగులు చెబుతారు."

ఉచితంగా ఇచ్చిన డబ్బా పనిచేయకపోతే రైతు దాన్ని పీకి అటక మీద పడేస్తాడు, మొహమాటానికి ఫోన్ కూడా చేయడు. డబ్బు పెట్టి కొన్నవాడు పొద్దున ఆరింటికే పిలుస్తాడు. ఆ పిలుపే కావాలి.

ఇంకా, కొనేది రైతే అయినా కొనాలా వద్దా అని తేల్చేది మోటారు మెకానిక్. బోర్డులో ఎన్ని హంగులున్నాయో ఆయనకు అనవసరం. స్క్రూలు పెద్దవిగా ఉన్నాయా, వైరు లాగితే ఊడుతుందా, పది నిమిషాల్లో బిగించొచ్చా అన్నవే చూస్తాడు. మా మొదటి డబ్బాల్లో టెర్మినళ్లు చిన్నవి, ఆయన స్క్రూడ్రైవరే పట్టేది కాదు. డబ్బా కాస్త అనుమానంగా కనపడితే చాలు, వైరు తప్పించి డైరెక్ట్ చేసేసి పోతాడు. నీళ్లు కావాల్సిన రైతుకు అదే పెద్ద ఉపకారం. కొన్నాళ్లు కోప్పడ్డాను. తర్వాత డబ్బాను తప్పించే బైపాస్ స్విచ్ మేమే పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాం. ఇప్పుడు పొలానికి పోయి మా డబ్బా మూత తీయగానే మొదట చూసేది ఆ స్విచ్ ఏ వైపుందని.