అటక మీది ఠావులు

చి. బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

నేను కుట్టిచ్చిన పుస్తకంలోని కాగితం కోసం రాజమండ్రిలో నాలుగు షాపులు తిరిగారట. "ఆ రకం ఎప్పుడో ఆగిపోయింది" అన్నారట. ఎందుకు ఆగిపోయిందని అడుగుతూ రాశారు.

మా నాన్నగారి రోజుల్లో మన చేలో అక్కుళ్లనే వరి పండేది. తర్వాత స్వర్ణ అనే కొత్త వరి వంగడం వచ్చింది, దిగుబడి బాగుంది, అందరూ అదే ఊడ్చారు. అక్కుళ్లు చెడ్డవని ఎవరూ అనలేదు, వేసేవాళ్లు తగ్గిపోయారంతే. కాగితమూ అంతే. లెక్కలు కంప్యూటర్లోకి వెళ్లాక గట్టి లెడ్జరు కాగితానికి గిరాకీ పడిపోయింది, మిల్లులు చాలా రకాలు మానేశాయి. పోయిన వంగడం షాపులో దొరకదు, ఏ ఇంటి గాదె అడుగునో దొరుకుతుంది. మీరూ గాదెలే వెతకాలి. మూతపడ్డ ప్రింటింగు ప్రెస్సు, ముసలి బైండరు గారి అటక, రైసు మిల్లులో వాడకుండా మిగిలిన ఖాతా పుస్తకాలు. రాసి ఉన్నవాటి జోలికి మాత్రం పోకండి, అవి ఒకరి బతుకు లెక్కలు. అడిగి తీసుకోండి, కావలసినన్నే తీసుకోండి. ధాన్యమైతే గుప్పెడు చల్లితే మళ్లీ పండుతుంది, కాగితం మొలవదు కదా.

విత్తనాన్ని రైతు పంటి కింద కొరికి చూస్తాడు. మీరు ఠావు, అంటే విడి కాగితం, మూల మడిచి ఇటూ అటూ రెండు మూడుసార్లు వంచండి. పుటుక్కున విరిగితే వదిలేయండి. సిరా పాకకుండా వేసిన పటికే ఏళ్ల తరబడి దాన్ని లోపల తినేసి ఉంటుంది. ఇంకొకటి. గడ్డిమోపులో పరకల్లాగా మిల్లు కాగితంలో నార చాలావరకు ఒక వైపుకే పడుకుని ఉంటుంది. చిన్న ముక్క నిలువునా, అడ్డంగా చింపి చూడండి, తిన్నగా చిరిగిందే నార వాలు. పుస్తకం వీపు వెంట ఆ వాలు పైనుంచి కిందికి ఉండాలి. అడ్డం పడితే పేజీ తిప్పుతుంటే మొండికేస్తుంది, మన గోదావరి తేమకి అలలు తేలుతుంది.

నాకు పదేళ్లప్పుడు నాన్నగారితో ముక్తేశ్వరం రేవు దాటి కాకినాడ వెళ్లాను. రెండు దస్తాలు, అంటే 48 ఠావులు కొన్నాం. తిరుగు పడవలో నా ఒళ్లోనే పెట్టారు. నీళ్లు చింది పై ఠావు తడిసింది. తిడతారని బిక్కచచ్చిపోయాను. ఆయన ఏమీ అనకుండా ఆ ఠావు తీసి ఎండకి అడ్డం పట్టారు. కాగితం లోపల కిరీటం! సిరా లేదు, అచ్చు లేదు. చుట్టూ చాప అల్లికలా సన్నగీతలు. "గుజ్జు తడిగా ఉండగా తీగబొమ్మ నొక్కుతారురా, అక్కడ కాగితం పలచబడుతుంది" అన్నారు. మనం ఫుల్‌స్కేప్ అంటామే, ఆ పేరు కూడా ఒకప్పుడు కాగితంలో ఇలాగే కనిపించిన విదూషకుడి టోపీ (ఇంగ్లీషులో ఫూల్స్ క్యాప్) వల్ల వచ్చిందే. ఎలా చేస్తారో తెలిసినా, ఆ కిరీటాన్ని చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అది ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు.

మీ అటక మీద పచ్చ ట్రంకుపెట్టె ఉంది. మీ నాన్న పాత పుస్తకాల కింద, గుడ్డలో చుట్టి, రాయని ఠావులు నాలుగుంటాయి. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని తీయండి. సాయంత్రం పడమటి కిటికీ దగ్గర ఒక్కొక్కటే వెలుగుకి పట్టండి. ఏం కనిపించిందో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య